మెత్తనకూ ఒక లెక్క

ఎమ్‌సీఆర్ చెప్పు అందంగా ఉండదు. నల్లగానో ముదురు నీలంగానో ఉండే మందపాటి అట్ట, మీద అడ్డంగా రెండు వెడల్పాటి పట్టీలు, కొన్నింటికి మడమ వెనక నుంచి ఇంకో పట్టీ. పెళ్లికి వేసుకెళ్లే చెప్పు కాదు. మందుల షాపు అరమీద మోకాలి పట్టీలకూ నడుం బెల్టులకూ పక్కన, చెప్పుల దుకాణంలో అయితే ఎక్కడో కింది వరసలో పడి ఉంటుంది. అయినా మడమ నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లలో ఈ మూడు అక్షరాలు చీటీ మీద రాయించుకోకుండా తిరిగొచ్చేవాళ్లు తక్కువ. రంగారెడ్డి జిల్లా మంచాల నుంచో, ఆరుట్ల, బోడకొండ నుంచో సాగర్ రోడ్డెక్కి ఇబ్రహీంపట్నానికి, అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌కు వెళ్లి వచ్చే పెద్దవాళ్ల సంచుల్లో గోలీల కట్టల పక్కన ఈ జత కూడా ఉంటుంది. వేసుకుంటారు, కొంత హాయి అనిపిస్తుంది, అంతటితో దాని సంగతి మర్చిపోతారు. చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవాళ్లు అరుదు. చూడదగ్గ వస్తువు అది. దాని పనితనం అర్థం కావాలంటే ముందు అది ఏ పనితనానికి సాయం పడుతోందో చూడాలి. అంటే మడమనే.

తడిమితే గట్టిగా తగులుతుంది కాబట్టి మడమ అంటే ఎముకే అనుకుంటాం. ఆ ఎముకకూ నేలకూ నడుమ ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందాన కొవ్వు మెత్త ఉంది. పొట్ట మీది కొవ్వులా వదులుగా కదిలేది కాదిది. పీచు గోడలతో కట్టిన చిన్న చిన్న గదుల్లో కుక్కి పెట్టిన కొవ్వు. చర్మం దగ్గరి గదులు సన్నవి, బిర్రైనవి. లోపల ఎముక వైపు ఉన్నవి పెద్దవి, మెత్తనివి. బరువు పడగానే లోపలి పెద్ద గదులు నలిగి వెడల్పవుతాయి. చర్మం దగ్గరి సన్న గదులు అంతగా నలగవు. మెత్త మొత్తం పక్కలకు పొంగిపోకుండా అవి పట్టి ఉంచుతాయి. కాలు లేవగానే అన్నీ యథాస్థానం. ఒక గదిలో కొవ్వు పక్క గదిలోకి జారే దారి లేదు, కాబట్టే ఈ ఏర్పాటు పని చేస్తుంది.

నడిచే మనిషి మడమ మీద అడుగడుగుకూ ఒంటి బరువంతా, అంతకు కాస్త ఎక్కువే పడుతుంది. పరిగెత్తితే రెండు మూడింతలు. నాట్లకో, పత్తి ఏరడానికో, ఉపాధి పనికో పోయే మనిషి రోజుకు ఎన్ని వేల అడుగులు వేస్తుందో లెక్కేసి చూడండి. ఇంత బరువును నలభై ఏళ్లపాటు ఒక్క ఫిర్యాదు లేకుండా మోసే వస్తువును ఏ కార్ఖానా తయారు చేసిందీ లేదు. నలభై దాటాక మాత్రం గదుల గోడల్లో సాగుడు తగ్గుతుంది, మెత్త కొద్దికొద్దిగా పలచబడుతుంది. అప్పుడు మడమ నడిబొడ్డున, బండ మీద నిలబడ్డ కొద్దీ పెరిగే నొప్పి మొదలవుతుంది. మడమ నొప్పుల్లో ఇదొక రకం. ఎక్కువమందికి వచ్చే రకం వేరే ఉంది.

మడమ ఎముక లోపలి అంచు నుంచి బయలుదేరి, అరికాలంతా పరుచుకుంటూ అయిదు వేళ్ల మొదళ్లకు పోయి అతుక్కునే దళసరి పీచు పట్టీ ఒకటి ఉంది. డాక్టర్లు ప్లాంటార్ ఫేషియా అంటారు. పాదం వంపు కూలిపోకుండా పట్టి ఉంచేది ఇదే. జె.హెచ్. హిక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు 1954లో దీని పనితీరును వివరిస్తూ ఒక చక్కటి సంగతి చూపించాడు. అడుగు ముందుకు పడేటప్పుడు మడమ లేచి, వేళ్లు పైకి వంగుతాయి కదా. అప్పుడు ఈ పట్టీ వేళ్ల మొదళ్ల చుట్టూ గిలక మీద చేదతాడులా చుట్టుకుని బిగుస్తుంది. బిగిసేసరికి పాదం వంపు పైకి లేస్తుంది, అంతదాకా మెతగ్గా నేలను హత్తుకున్న పాదం ఒక్కసారిగా గట్టి కర్రలా మారి ఒంటిని ముందుకు నెడుతుంది. కండరం ఖర్చు లేకుండానే జరిగే పని ఇది. కుర్చీలో కూర్చుని బొటనవేలును చేత్తో పైకి లాగి చూడండి, అరికాలి వంపు లేవడం కళ్లకే కనిపిస్తుంది.

ఆ తాడు మొదలు కట్టి ఉన్న చోటు, మడమ లోపలి ముందు అంచు, ఏళ్ల తరబడి లాగుడికి చిరుగుతూ అతుక్కుంటూ ఉంటుంది. అతుక్కోవడం చిరుగుడును అందుకోలేనప్పుడు నొప్పి. దాని గుర్తు చిన్నపిల్లలకైనా చెప్పగలిగేంత తేలిక: పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగు. రాత్రంతా పాదం కిందికి వాలి, పట్టీ కుదించుకుపోయి ఉంటుంది. మొదటి అడుగుకు దాన్ని ఒక్కసారిగా సాగదీస్తాం. పది ఇరవై అడుగులు వేశాక తగ్గుతుంది, సాయంత్రానికి బరువు మోసి మోసి మళ్లీ వస్తుంది. బస్సులో గంటసేపు కూర్చుని దిగినా అంతే. 2003లో అమెరికాలో లెమంట్ బృందం శస్త్రచికిత్సల్లో తీసిన 50 నమూనాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, అందరూ అనుకునే వాపు కనబడలేదు. అరిగిన, చిక్కుపడ్డ పీచే కనబడింది. వాపు తగ్గించే గోలీలు ఈ నొప్పి మీద ఎందుకు అంత అరకొరగా పని చేస్తాయో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు మాత్రం 'ముల్లు పెరిగింది' అని చెప్పుకుంటూ వస్తారు. మడమ ఎముక కింద కొక్కెంలా ఎముక పెరగడం నిజమే. కానీ ఏ నొప్పీ లేకుండా తిరుగుతున్న ఎంతోమంది మడమల్లోనూ ఆ ముల్లు ఉంటుంది, నొప్పితో కుంటే ఎంతోమందికి ఉండదు. పైగా అది చాలామందిలో పీచు పట్టీలో కాక దాని పైనున్న చిన్న కండరం మొదట్లో పెరుగుతుంది. ముల్లు గుచ్చుకుని నొప్పి అన్న ఊహ మనసుకు ఇట్టే అతుక్కుంటుంది, అందుకే ముల్లు తీసేస్తాం అనేవాళ్ల వ్యాపారమూ సాగుతుంది.

నొప్పికి కారణాలు పెద్ద రహస్యాలేమీ కావు. గంటల తరబడి నిలబడే పని, పెరిగిన బరువు, బిగుసుకుపోయిన పిక్కలు, గట్టి నేల. చివరిది మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది. మట్టి నేలల ఇళ్లు పోయి తాండూరు బండలు, షాబాద్ బండలు వచ్చాయి. ఇప్పుడు టైల్సు, గ్రానైటు. మనకు చెప్పులు గడప బయటే విడిచే అలవాటు. పొలం గట్టు మీద చెప్పులు వేసుకుని, పొలంకన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఉన్న వంటింటి నేల మీద వట్టి కాళ్లతో నాలుగు గంటలు నిలబడతాం. డాక్టరు 'ఇంట్లో కూడా వేసుకో అమ్మా' అంటే ముందు ఎదురయ్యే ఇబ్బంది డబ్బు కాదు, దేవుడి గది. చాలామంది దీనికి దారి కనిపెట్టారు. గడప దాటని జత ఒకటి వేరే పెట్టుకుంటారు. వైద్యపరంగా చూసినా మంచి పరిష్కారం అది.

ఇక చెప్పు దగ్గరికి వద్దాం. దీని పుట్టుక మడమ నొప్పికి సంబంధించింది కానే కాదు. నొప్పి అసలు తెలియని పాదాల కోసం పుట్టింది ఇది.

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. చదువుకు ఇంగ్లండు పంపిస్తే డాక్టరు కాకముందు కొన్నేళ్లు ఇళ్లు కట్టే పని నేర్చుకున్నాడు, వడ్రంగమూ తాపీ పనీ. ఆ తర్వాతే వైద్యం. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. కుష్ఠు రోగుల వేళ్లు, పాదాలు రోగం వల్లే రాలిపోతాయని లోకమంతా నమ్ముతున్న కాలం అది. పాదాల మీద పుళ్లను దగ్గరగా చూసిన బ్రాండుకు అర్థమైంది వేరు. నరం చచ్చి నొప్పి తెలియదు కాబట్టి, రాయి గుచ్చుకున్నా మేకు దిగినా ఆ మనిషి అదే చోట బరువేసి నడుస్తూనే ఉంటాడు. మనమైతే కొంతదూరం నడవగానే తెలియకుండానే బరువు పక్కకు మార్చేస్తాం. పుండుకు మూలం రోగక్రిమి కన్నా నడక. అలాగైతే చికిత్సలో సగం చెప్పులు కుట్టేవాడి చేతిలో ఉన్నట్టే.

మెత్తటి చెప్పు చేస్తే చాలు కదా అనిపిస్తుంది. ఇక్కడే అసలు పని మొదలైంది. వేలూరు పక్కన కరిగిరిలో 1955లో వచ్చిన కుష్ఠు పరిశోధన కేంద్రంలో, వేలూరులో, వైద్యులూ చెప్పులు కుట్టేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని రబ్బరుతో తంటాలు పడ్డారు. మామూలు స్పాంజి మొదట హాయిగా ఉంటుంది. దాని రంధ్రాలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి బరువు పడగానే గాలంతా బయటికి పోయి అట్ట నేలకు అంటుకుంటుంది. అప్పుడు వేసుకున్నా వేసుకోనట్టే. గట్టి రబ్బరు నలగదు, ఒత్తిడి ఎముక పొడుచుకున్న చోటే పడుతుంది. కావలసింది ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంది. దొరికింది మైక్రో సెల్యులార్ రబ్బరు. చీటీ మీది ఆ మూడు అక్షరాలు దీనివే. రబ్బరు ముద్దలో గంధకంతోపాటు వేడికి వాయువు విడిచే మందు కలిపి ప్రెస్సులో వేడి చేస్తే, లోపల లక్షల కొద్దీ సూక్ష్మమైన బుడగలు ఏర్పడతాయి. ప్రతి బుడగా మూసి ఉంటుంది, పక్క బుడగలోకి దారి లేదు. బరువు పడితే లోపలి గాలి నలుగుతుంది కానీ పారిపోదు, బరువు తీయగానే తోసుకుని లేస్తుంది.

మడమ మెత్త గురించి పైన చెప్పింది ఇక్కడ గుర్తుకు రాకమానదు. మూసిన గదులు, పక్కకు దారి లేకపోవడం, నలిగి లేవడం. వేలూరులో వాళ్లు మడమను చూసి నకలు తీశారని నేను అనను. కానీ ఒకే సమస్యకు ఒళ్లూ రబ్బరు ప్రెస్సూ ఒకే జవాబు చెప్పాయి.

మెత్తదనాన్ని కొలవడానికి షోర్ మీటరు అనే పరికరం ఉంది. స్ప్రింగు బిగించిన చిన్న మొన రబ్బరులోకి ఎంత దిగుతుందో చూపిస్తుంది. పూర్తిగా దిగితే సున్నా, అసలు దిగకపోతే వంద. లారీ టైరు అరవై దాటి ఉంటుంది. పాదానికి తగిలే ఎమ్‌సీఆర్ పొరకు ఖాయమైన అంకె పదిహేను, కాస్త అటూ ఇటూ. మందం ఇంచుమించు సెంటీమీటరు. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది అన్న మన సహజమైన ఊహకు ఈ అంకె చెక్ పెడుతుంది. పదిహేను దగ్గర రబ్బరు పాదం ఎత్తుపల్లాలకు ఒదుగుతుంది, బరువు పడే వైశాల్యం పెరుగుతుంది, ఏ ఒక్క చోటా భరించలేనంత ఒత్తిడి పడదు. పదికి దిగితే మనిషి బరువుకు అడుగంటుతుంది.

చేతిలోని చెప్పును ఇప్పుడు తిరగేసి చూడండి. కింద గట్టి అట్ట. తొలి రోజుల్లో అది పాత టైరు ముక్కే, మన ఊళ్లలో టైరు చెప్పులు కుట్టినట్టే. గాజు పెంకు, తుమ్మ ముల్లు పైకి రాకుండా ఆపడం దాని పని. దాని మీద మెత్తటి పొర. రెంటినీ కలపడానికి సొల్యూషన్, అంచుల్లో కుట్టు. ఎక్కడా ఇనుప మేకు ఉండకూడదన్నది ఈ చెప్పుకు మొదటి నియమం. అరిగేకొద్దీ మేకు తల పైకి లేస్తుంది, తిమ్మిరెక్కిన పాదానికి ఆ సంగతి తెలియదు. బొటనవేలి ఉంగటం కూడా ఉండకూడదు, వేళ్ల సందున ఒరుసుకుంటుంది కాబట్టి. పట్టీలు వెడల్పుగా ఉండాలి, వదులూ బిగువూ మార్చుకునేలా బకిలో అంటుడు పట్టీయో ఉండాలి, ఎందుకంటే సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. మడమ వెనక పట్టీ లేకపోతే చెప్పు జారిపోకుండా వేళ్లతో బిగించి పట్టుకుని నడుస్తాం, దాంతో ముందరి పాదానికి కొత్త కష్టం. అంచులను సానచక్రం మీద పట్టి ఏటవాలుగా దిద్దుతారు. పూర్తయిన చెప్పులో ఇది కనబడనే కనబడదు. ఆ ఏటవాలు తప్పితే మాత్రం మడమ నేలను తాకే మొదటి క్షణంలోనే తేడా తెలిసిపోతుంది.

మన దగ్గర తరతరాలుగా తోలుపని చేసిన మాదిగ కుటుంబాలకు పాదం సంగతి తెలియక కాదు. తంగేడు చెక్కతో ఊనిన తోలును ఆరెతో కుట్టి, ఆముదం పట్టించి ఇచ్చిన కిర్రు చెప్పు కొన్ని నెలలకు ఆ ఒక్క మనిషి పాదం అచ్చునే తెచ్చుకునేది. ఒత్తిడి పంచడం అదీ ఒక రకంగా చేసిన పనే, అయితే దానికి పాదమే ముందు కొన్నాళ్లు బాధ పడాలి. కుష్ఠు పాదానికి ఆ వ్యవధి లేదు, మొదటి అడుగు నుంచే పొసగాలి. ఆ పాత చేతి నైపుణ్యానికి కొత్త రబ్బరు, ఒక అంకె తోడయ్యాయి. వేలూరు కథను డాక్టరు పేరుతోనే చెప్పుకుంటాం. రబ్బరు కోసి, అంటించి, రోగి కాలికి తొడిగి, మళ్లీ ఊడదీసి దిద్దిన చేతుల పేర్లు పుస్తకాల్లో పెద్దగా దొరకవు.

తెలుగు నేలకు కుష్ఠు ఆసుపత్రులు కొత్త కాదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915 నుంచి ఉంది. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రాణి కుముదినీదేవి 1958లో శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. దేశమంతటా కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద స్పర్శ పోయిన పాదాలున్న వాళ్లకు ఏడాదికి రెండు జతల ఎమ్‌సీఆర్ చెప్పులు ఇవ్వడం ఒక పద్ధతిగా స్థిరపడింది. అయితే చాలామంది అవి తీసుకెళ్లి ఇంట్లో మూల పడేసేవాళ్లు. ఆ చెప్పు వేసుకుని వీధిలో నడిస్తే ఊరందరికీ జబ్బు తెలిసిపోయేది. పుండు వచ్చినా ఫరవాలేదు, వెలివేత వద్దు. అందుకని తర్వాతి కాలంలో రంగులు మార్చారు, పట్టీల తీరు మార్చారు, మామూలు చెప్పులా కనబడేలా చేయడమే ఒక ప్రత్యేకమైన పని అయింది. ఆ తర్వాత మధుమేహం వచ్చింది, అదే రకంగా పాదాల్లో స్పర్శ పోగొడుతూ. ఎముకల డాక్టర్లు మడమ నొప్పికీ రాయసాగారు. ఒకప్పుడు వేసుకుంటే తల దించుకోవాల్సి వచ్చిన చెప్పును ఇవాళ రిటైరైన హెడ్మాస్టర్లు పేరు పెట్టి అడిగి కొనుక్కుంటున్నారు.

వైద్యుడూ పనివాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఏమవుతుందన్నదానికి మన దేశంలో ఇంకో రెండు సాక్ష్యాలున్నాయి. 1968లో జైపూర్ పాదం చేసినది డాక్టర్ పి.కె. సేథీ, పనివాడు రామచంద్ర శర్మ కలిసి. దాని మడమ భాగంలో ఉన్నదీ ఈ ఎమ్‌సీఆర్ రబ్బరే. రెండోది హైదరాబాద్‌ది. నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు క్షిపణి ప్రయోగశాలకు వచ్చి అక్కడి కాంపోజిట్ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, అబ్దుల్ కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోల పైచిలుకు ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లో అగ్ని క్షిపణికి వాడిన పదార్థంతో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. కలాం ఈ సంగతి ఎన్నో సభల్లో, క్షిపణుల కన్నా ఎక్కువ సంతోషంగా చెప్పుకున్నారు.

ఇంతా చెప్పి, చెప్పు ఒక్కటే మడమ నొప్పిని మాన్పదు అని కూడా చెప్పాలి. అది బరువును పంచుతుంది, చిరిగిన పీచు అతుక్కోవడానికి వ్యవధి ఇస్తుంది. అతుక్కోవాలంటే పీచుకు మళ్లీ పని పెట్టాలి, ఆ పనికీ ఒక లెక్క ఉంది. 2003లో అమెరికాలో డిజియోవాని బృందం 101 మందిపై చూసిన పద్ధతి ఖర్చు లేనిది. పొద్దున మంచం దిగకముందే నొప్పి కాలును రెండో మోకాలి మీద వేసుకుని, చేత్తో వేళ్లను ముంగాలి వైపు లాగి, అరికాలి పట్టీ తాడులా బిగిసిందని బొటనవేలితో తడిమి చూసుకుని, పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మామూలుగా గోడకు చేతులానించి పిక్కలు సాగదీసేవాళ్ల కంటే వీళ్లకు ఎనిమిది వారాల్లో మెరుగైన ఫలితం కనిపించింది. తర్వాత డెన్మార్క్‌లో రాత్‌లెఫ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువాలు పెట్టుకుని, ఒంటికాలి మీద మూడు క్షణాలు లేచి, రెండు క్షణాలు ఆగి, మూడు క్షణాలు దిగాలి. రోజు విడిచి రోజు. మూడు నెలలకు వీళ్లు సాగదీతవాళ్ల కంటే ముందున్నారు, ఏడాది తిరిగేసరికి ఇద్దరూ సమానమయ్యారు. గిలకకు చుట్టుకునే ఆ తాడును తువాలుతో ముందే బిగించి దాని మీదే బరువు పెట్టడం ఇందులోని కిటుకు. హిక్స్ చూపించిన యంత్రాన్నే మందుగా వాడారన్నమాట.

ఓపిక పట్టగలిగితే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాదిలోపు తగ్గుతుంది. ఏడాది చాలా పెద్ద మాట, ముఖ్యంగా కూలికి పోకపోతే పూట గడవనివాళ్లకు. అందుకే సూదికి మొగ్గు. మడమలో వేసే స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు నిజంగానే హాయినిస్తుంది. పదేపదే వేయిస్తే పీచు పట్టీ పుటుక్కున తెగే ప్రమాదం ఉంది, అన్నిటికన్నా విలువైన ఆ కొవ్వు మెత్త కరిగిపోయే ప్రమాదమూ ఉంది. కరిగిన మెత్తను తిరిగి కట్టగల పనివాడు ఇంకా పుట్టలేదు.

కొన్ని మడమ నొప్పులు మడమవే కావు. ముప్పై లోపు కుర్రాడికి రెండు మడమలూ నొస్తూ, తెల్లవారుజామున నడుము పట్టేసి మెలకువ వచ్చి, తిరుగుతుంటే తగ్గుతుంటే అది వెన్ను కీళ్లవాతం కావచ్చు. పీచు ఎముకకు అతికే చోట్లను అది ముందుగా పట్టుకుంటుంది. నడివయసు ఆడమనిషికి రెండు చేతుల వేళ్ల కణుపులూ పాదాల ముందు భాగమూ వాచి, పొద్దున బిగుతు గంట దాటినా వదలకపోతే కీళ్లవాతాన్ని అనుమానించాలి. ఇవి రబ్బరుకు లొంగేవి కావు. కొద్ది నెలల్లోపే కీళ్లవాతం డాక్టరును చూసి మందు మొదలుపెడితే కీలు నిలుస్తుంది. దీనికి రాసే మెథోట్రెక్సేట్ అనే మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలన్న సంగతిని ఇంట్లో అందరికీ తెలిసేలా రాసి పెట్టాలి. పొరపాటున రోజూ వేసుకున్నవాళ్ల ప్రాణాల మీదికి వచ్చింది. ఇలాంటి వాతానికి ముందరి పాదం కింద మెత్త, వెడల్పాటి ముక్కు ఉన్న చెప్పు మందుతోపాటు మంచి తోడు. మోకాలు అరిగినవాళ్లకు కూడా ఎమ్‌సీఆర్ రాస్తుంటారు. నడక కాస్త సుఖపడుతుంది, అంతే. మోకాలికి తొడ కండరం బలమే అసలు మందు.

మంచాల చుట్టుపక్కల ఇంకో రెండు సంగతులు అడగకుండా కీళ్ల నొప్పి మాట మాట్లాడకూడదు. ఒకటి చికున్ గున్యా. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలై మరుసటి ఏడాది దేశమంతా వ్యాపించిన ఆ జ్వరం తగ్గాక కూడా చీలమండలు, మణికట్లు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి నొచ్చాయి. ఇప్పటికీ అడపాదడపా వస్తూనే ఉంది. రెండోది నీళ్లు. మంచాల మండలం సరిహద్దు దాటితే నల్లగొండ జిల్లా మర్రిగూడ. ఫ్లోరైడ్ పేరు చెప్పగానే రాష్ట్రమంతా గుర్తుకు తెచ్చుకునే ప్రాంతం. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముక చిక్కబడుతుంది, కీళ్ల చుట్టూ పీచు కట్లు ఎముకగా మారతాయి, మడమ ముల్లూ పెరుగుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బును షార్ట్ బృందం 1937లోనే గుర్తించింది. నల్లా నీళ్లు రాకముందు దశాబ్దాలు బోరునీళ్లే తాగిన పెద్దవాళ్లు నడుము వంగక, మెడ తిరగక, మడమ నొస్తోందని వస్తే, చెప్పు రాసే ముందు ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయించాలి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనబడితే సంగతి వేరే.

ఇక కొనే మాట. ఎమ్‌సీఆర్ అని అచ్చు వేసిన ప్రతిదీ ఎమ్‌సీఆర్ కాదు. ఈవీఏ అనే తేలికపాటి ప్లాస్టిక్ నురుగును అదే పేరుతో అమ్ముతారు. చేతికి తేలిగ్గా, మొదటి రోజు ఇంకా మెత్తగా ఉంటుంది, కొద్ది వారాల్లో మడమ పడే చోట గుంట పడి ఇక లేవదు. షోర్ మీటరు ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి బొటనవేలూ చూపుడువేలూ చాలు. పై పొరను రెండు వేళ్ల నడుమ గట్టిగా నొక్కితే సగం మందానికి దిగాలి, వదలగానే మొత్తం లేవాలి. దిగకపోతే గట్టిది, లేవకపోతే చచ్చింది. రోజూ వాడే జతకు ఆరు నెలలు దాటాక ఈ పరీక్ష మళ్లీ చేస్తుండాలి. మెత్త చచ్చిన చెప్పు పైకి కొత్తదానిలాగే కనబడుతుంది, నొప్పి తిరిగొచ్చిందని జనం సూదికి పరిగెత్తేది చాలాసార్లు అప్పుడే. కింది అట్ట అప్పటికి అరగదు. కొత్త జత కొనక్కర్లేదు. చెప్పులు బాగుచేసే మనిషి దగ్గర పై పొర ఒక్కటీ ఊడదీయించి, ఎమ్‌సీఆర్ షీటు ముక్క కొని ఇచ్చి, పాదం గీసి అంత మేర కోయించి అంటించుకోవచ్చు. అంచు ఏటవాలుగా దిద్దమని మాత్రం అడగండి, మేకు కొట్టవద్దని చెప్పండి.